చేపల డబ్బాలో తొర్తెల్లీని

దగ్గరికి జరగండి. ఆ కుర్చీ ఇటు లాక్కోండి, ఆ బఠాణీల బుట్ట కూడా ఇటు తెండి, వొలుస్తూ వినండి. చేతులు ఊరికే ఉంటే చెవులు దారి తప్పుతాయని మా అమ్మ అనేది. ఇది మా వీధి చివర సైకిళ్ళ దుకాణం నేరియో కథ. అతని భార్య జెలిందా కథ కూడా. అసలు నన్నడిగితే జెలిందా కుడిచేతి మణికట్టు కథ. నాకెలా తెలుసంటారా? సగం నేరియో చెప్పాడు, ఆ సగాన్ని జెలిందా సరిదిద్దింది.

మా ఊరు బూద్రియోలో అతన్ని ఉపాయాల నేరియో అనేవాళ్ళు. ఒక్క ఉపాయమూ పారకపోయినా కొత్తది వెయ్యడం మానడని ఆ పేరు. తన కోళ్ళు పక్కింటికి పోకుండా వారం రోజులు కష్టపడి కంచె కట్టాడు. కట్టాక చూస్తే తన కోళ్ళు బయట ఉన్నాయి, పక్కింటి కోళ్ళు లోపల ఉన్నాయి. కానీ సైకిలు చక్రం వంకర తియ్యడంలో మాత్రం అతని తరవాతే ఎవరైనా. కళ్ళు మూసుకుని, వేలు ఆనించి, ఎక్కడ ఒంకరుందో చెప్పేవాడు.

ఇక జెలిందా సంగతి. ఆమె అప్పడాల కర్ర ఆమె ఎత్తులో సగం ఉండేది. దాంతో ఒత్తిన పిండిరేకుని కిటికీకి అడ్డం పట్టుకుంటే ఎదురింట్లో ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో కనిపించేది. ఆ రేకుని చిన్న చిన్న చదరాలు కోసి, నడుమ చిటికెడు మాంసం ముద్ద పెట్టి, మడిచి, వేలికి చుట్టి, నొక్కితే తొర్తెల్లీని. కోడి చారులో ఉడికించి వడ్డిస్తే ఒక్క చెంచాలో ఏడు పట్టాలి. ఆరు పడితే ఆ ఇల్లాలు బద్ధకస్తురాలని లెక్క.

ప్రతి ఆదివారం ముగ్గురు పిల్లలూ, వాళ్ళ పిల్లలూ కలిసి పధ్నాలుగు మంది ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళు. అందరికీ వడ్డించాక జెలిందా నేరియో మొహం వంక చూసేది. నేరియో ఒక చెంచా తిని, గొంతు సవరించుకుని, "తినొచ్చు" అనేవాడు. కొత్త పెళ్ళికూతురుగా మొదటి ఆదివారం వండి పెట్టినప్పుడూ "తినొచ్చు" అన్నాడు, నలభై ఒక్క ఏళ్ళ తరవాతా అదే మాట. మా ఊరి మగవాళ్ళంతే. పెళ్ళాన్ని పొగిడితే పళ్ళు రాలిపోతాయనుకుంటారు.

ఆ ఏడు చలికాలంలో నేరియో ఒక సంగతి గమనించాడు. జెలిందా కాఫీ గిన్నె ఎడమచేత్తో ఎత్తుతోంది. పచ్చడి సీసా తెచ్చి అతని ముందు పెట్టి, మూత సంగతి మర్చిపోయినట్టు వేరే పనిలో పడిపోతోంది. అతను మూత తీసి పెడితే, ఆమె చూడనట్టు తీసుకుపోతోంది.

"చెయ్యి నొప్పా?" అన్నాడు ఒకరోజు.

"చలికి."

మే నెలలో మళ్ళీ అడిగాడు.

"చలికి" అంది.

"మే నెల్లో చలేమిటే?"

"నాకు ముందుగా వస్తుంది. వచ్చే డిసెంబరుది."

చివరికి కూతురు బలవంతంగా డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు చెయ్యి ఇటు తిప్పి అటు తిప్పి అన్నాడు: "పొర్రెత్తా వెళ్ళి పన్నెండు రోజులు అక్కడి వేడినీటి ఊటల్లో చెయ్యి నానబెట్టండమ్మా, బురదపట్టు వేయించుకోండి. దాంతో సగం నయమవుతుంది. మిగతా సగం మీరు ఆ కర్ర కింద పెడితేనే. లేదంటే వచ్చే క్రిస్మస్‌కి ఆ చేత్తో చెంచా కూడా ఎత్తలేరు."

"చెంచా ఎత్తడానికి ఎడమచెయ్యి ఉందిగా" అంది జెలిందా.

ఎందుకంత మొండితనమో నేరియోకి తెలుసు. ఆమె పెరట్లో కోళ్ళకి గింజలు చల్లుతూ, వాటితో చెప్పుకుంటుండగా విన్నాడు. "కర్ర ఆగితే ఆదివారం ఆగిపోతుందే. ఆదివారం ఆగితే పిల్లలు దేనికొస్తారు? నా మొహం చూడ్డానికా?" కోళ్ళు జవాబు చెప్పలేదు. నేరియో కూడా చెప్పలేదు. గోడ పక్కనుంచి మెల్లిగా దుకాణంలోకి పోయి, బాగానే ఉన్న చక్రం ఒకటి తీసుకుని ఒంకర వెతుకుతూ కూర్చున్నాడు.

అక్కడినుంచి మొదలయ్యాయి ఉపాయాలు.

మొదట కర్రని తీసుకుపోయి నేలమాళిగలో దాచాడు. జెలిందా ఖాళీ సారా సీసాతో ఒత్తింది. మణికట్టు వాచిపోయింది. కర్రని అతనే తెచ్చి, "ఎవరో నేలమాళిగలో పడేశారు" అని ఇచ్చాడు. తరవాత పిండి ఒత్తే మిషను కొన్నాడు. ఆమె దాన్ని పెరటి తలుపు గాలికి మూసుకోకుండా అడ్డు పెట్టుకుంది. మూడోసారి బజారులో తొర్తెల్లీని కొనుక్కొచ్చి, ఆమె చేసినవాటిలో గుట్టుగా కలిపేశాడు. భోజనాల దగ్గర జెలిందా మాట్లాడకుండా ఫోర్కుతో ఇరవై రెండు తొర్తెల్లీనిలు ఏరి, నేరియో పళ్ళెం అంచున వరసగా నిలబెట్టింది, పోలీసు స్టేషన్లో దొంగల్ని నిలబెట్టినట్టు.

"ఎన్ని కలిపావు?"

"...ఇరవై రెండు."

"బయటివాళ్ళు చేసింది తిని 'బాగుంది' అని నా నోటితో అన్నరోజున ఈ కర్ర గోడకి తగిలిస్తాను. అందాకా నా జోలికి రాకు."

పధ్నాలుగు మంది ముందు అంది ఆ మాట. నేరియో ఆ రాత్రి నిద్రపోలేదు, తెల్లారేసరికి నవ్వుతూ లేచాడు. బయట తిని బాగుందనాలి, అంతేగా? బయట ఎక్కడైనా సరే, ఆమె ముందు ఆమె చేసినవే పెట్టిస్తే? తన చేతివంట తనకి బాగుండకపోతుందా? బాగుందనక ఛస్తుందా?

ఇరవై రెండుమంది దొంగల్ని ఏరిన మనిషికి తన సొంత పిల్లల్ని గుర్తుపట్టడం కష్టమా అన్న ఆలోచన అతని బుర్రకి తట్టనే లేదు.

పొర్రెత్తా దారిలో, రేనో నది పక్కన, ప్రీమో అనే అతని పూటకూళ్ళ ఇల్లుంది. నేరియో, ప్రీమో పటాలంలో ఒకే గుడారం. నేరియో వీధి చివర బారుకి పోయి ఫోను చేశాడు.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు ప్రీమో. "వంటింట్లో ఉండేది మా చెల్లెలు ఆర్జియా. ఇంకో ఆడదాని తొర్తెల్లీని తన వంటింట్లోకి వచ్చాయని తెలిస్తే నన్ను ఆ చారులోనే ఉడకబెడుతుంది."

"దానికి తెలియకుండా పక్క పొయ్యి మీద చిన్న గిన్నెలో వేసెయ్యి. పటాలంలో నీ బదులు మూడు రాత్రులు కాపలా కాశాను ప్రీమో."

"రెండు."

"మూడోది వానలో."

ప్రీమో ఒప్పుకున్నాడు.

కూతురు పోరగా పోరగా జెలిందా పొర్రెత్తా నీళ్ళకి మాత్రం ఒప్పుకుంది. బయల్దేరేది ఆదివారం. పిల్లలకి రావొద్దని ముందే చెప్పేశారు. నలభై ఒక్క ఏళ్ళలో పిండి కలపని మొదటి ఆదివారం అది. పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచక జెలిందా తలుపు గొళ్ళేలకి మెరుగు పెట్టింది. ఆమె వీధి తలుపు గొళ్ళెం దగ్గర ఉండగా, నేరియో ఫ్రీజరు తెరిచి, కూతురి కోసం దాచిన తొర్తెల్లీనిలోంచి ఒక వంద తీసి, మంచుగడ్డలతో సహా చేపల వేటకి తీసుకుపోయే డబ్బాలో పెట్టేశాడు. ఆ డబ్బాని మూడుసార్లు సబ్బుతో కడిగాడు పాపం. అయినా మూత తీస్తే పోయినేటి వానపాముల వాసన.

"అదెందుకు?" అంది జెలిందా డబ్బాని చూసి.

"పొర్రెత్తాలో నది ఉందిగా. నీ చెయ్యి నానుతున్నంతసేపూ చేపలు పడతాను."

"ముప్ఫై ఏళ్ళలో నువ్వు పట్టిన చేప ఒక్కటీ లేదు. నిన్ను పట్టిన జలుబులు మాత్రం చాలా ఉన్నాయి."

పాండా కారు కొండదారి ఎక్కింది. జెలిందా ఒళ్ళో గుడ్డలో చుట్టిన రొట్టె, అందులో ఉల్లిపాయ గుడ్డట్టు. బయటి తిండి ముట్టదు కనక దారిబత్తెం తనే కట్టుకుంది. వెనక సీట్లో డబ్బాలోంచి చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. జెలిందా వెనక్కి తిరిగి ఒకసారి చూసింది. ముందుకి తిరిగి, "ఖాళీ డబ్బాకి చెమట పడుతోంది" అంది.

"ఎండ" అన్నాడు నేరియో. అతనికీ పడుతోంది.

పూటకూళ్ళ ఇంటి బోర్డు కనిపించగానే నేరియో ఇంజను ఆపేశాడు. కారు జారుకుంటూ వెళ్ళి సరిగ్గా గుమ్మం ముందు ఆగింది.

"అరెరే. ఏదో చప్పుడొచ్చింది, విన్నావా?"

"విన్నాను. నీ కడుపులోంచి. ఆకలేసినప్పుడల్లా వస్తుంది."

"ఇంజను కాలిపోతోందే! ఒక గంట చల్లారాలి."

జెలిందా దిగి బానెట్ మీద ఎడమచెయ్యి పెట్టి చూసింది. నేరియో వంక చూసింది. ఏమీ అనలేదు. మగవాళ్ళు ఆడవాళ్ళ మౌనాన్ని చూసి గట్టెక్కామనుకుంటారు. అది గట్టు కాదర్రా, నది నడిమధ్య.

అంతలో ప్రీమో చేతులు చాచుకుని గుమ్మంలోకి వచ్చాడు. "అయ్యో! నేరియో! ఎన్నేళ్ళకి! అనుకోకుండా! కారు చెడిపోయిందా పాపం!"

"కారు చెడిపోయిందని మీకెవరు చెప్పారు?" అంది జెలిందా.

ప్రీమో నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "మొహం చూస్తే తెలియదా అమ్మా" అన్నాడు.

లోపల హాలంతా ఆదివారం జనం. ఒక్క కిటికీ పక్క బల్ల మాత్రం ఖాళీ. దాని మీద "నేరియో, ఇద్దరు" అని రాసిన కాగితం నిలబెట్టి ఉంది. నేరియో చటుక్కున దాన్ని తీసి ముక్కు చీదుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ వెంటనే, "ఇంజను మీద మంచు పెట్టొస్తా" అని డబ్బా పట్టుకుని వెనకగుమ్మం వైపు పరుగెత్తాడు. ఇంజను ముందుందని ఆమె చెప్పబోయేలోపే మాయమయ్యాడు.

అతను తిరిగొచ్చేసరికి జెలిందా ప్రీమోని నిలదీస్తోంది.

"చారు దేనితో?"

"మేపిన పుంజుతోనమ్మా."

"ఎన్ని గంటలు?"

"నాలుగు. ఎముకతో సహా."

"పైన క్రీము పోస్తారా?"

"ఈ ఇంట్లో క్రీము పోసినవాణ్ణి మా చెల్లెలు నదిలో పోస్తుంది."

"మీ చెల్లెలు మంచి మనిషి" అంది జెలిందా. రొట్టె మూట పక్కన పెట్టి, చేతిరుమాలు ఒళ్ళో పరుచుకుంది. "సరే, తెండి. తిని చూస్తా."

నేరియో గుండె సైకిలు బెల్లులా మోగింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని కలలో కూడా అనుకోలేదు.

రెండు పళ్ళేలొచ్చాయి, పొగలు కక్కుతూ. నేరియోకి ఆర్జియా చేసినవి, జెలిందాకి జెలిందా చేసినవి. ఆమె ఎడమచేత్తో చెంచా ఎత్తింది. లెక్కపెట్టింది. ఏడు. నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నేరియో తన పళ్ళెం సంగతి మర్చిపోయి ఆమె పెదవుల వంకే చూస్తున్నాడు. పెళ్ళికి ఒప్పుకుంటుందా లేదా అని చూసిన రోజున కూడా అంతలా చూడలేదు.

రెండో చెంచా తింది. మూడోది. తరవాత చెంచా కింద పెట్టేసింది.

"ఎలా ఉంది?" అన్నాడు, గొంతు పిల్లి పిల్లలా వచ్చింది.

"ముద్ద బాగా కుదిరింది. జాజికాయ ఎంత వెయ్యాలో తెలిసిన చెయ్యి." ఆగింది. "కానీ పిండిరేకు ఒక పక్క మందంగా ఉంది నేరియో. ఇదిగో, మూడు విచ్చుకుపోయాయి. నొక్కు సరిగా పడలేదు. ఎవరో పాపం, కుడిచెయ్యి పడిపోయిన ముసలావిడ చేసింది. ఇంట్లోవాళ్ళెవరూ చూడలేదో ఏమిటో. ఇక చాలమ్మా అని ఆవిడకి ఎవరైనా చెప్పాలి."

 నేరియో ఉపాయంలో ఈ మలుపు లేదు. పైగా, ఏమిటో తెలీదుగాని, కోపం కూడా వచ్చింది. తన పెళ్ళాం వంటని తన ముందే ఒకరు తప్పుబడితే ఎలా ఊరుకుంటాడు? ఆ ఒకరు తన పెళ్ళామే అయితే మాత్రం!

"ఏం మాట్లాడుతున్నావే? ఇవి బాగాలేవా? ఇలాంటి తొర్తెల్లీని ఈ ప్రాంతంలో ఇంకెవరు చెయ్యగలరు? నోట్లో పెట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది! బొలోన్యాలో బిషపు గారికి కూడా దొరకవు ఇలాంటివి! నేను నలభై ఒక్క ఏళ్ళుగా ఆదివారం కోసం సోమవారం నుంచీ ఎదురు..."

ఆగిపోయాడు. పక్కబల్లవాళ్ళు చెంచాలు ఎత్తినవి ఎత్తినట్టే పట్టుకుని చూస్తున్నారు.

"నువ్వు తింటున్నవి ఆ పళ్ళెంలోవి కదా" అంది జెలిందా మెల్లిగా. "నా పళ్ళెంలోవి ఎలా ఉన్నాయో నీకెలా తెలుసు?"

"వాసన... వాసనని బట్టి."

"నలభై ఒక్క ఏళ్ళలో నా వాటిని ఒక్కసారైనా ఇలా అన్నావా నువ్వు?"

 అంతలో వంటింట్లో ఏదో గిన్నె ఢామ్మని పడింది. ఆ వెనకే ఒక కేక. దాని వెనక ప్రీమో, చేతులు నెత్తిమీద పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతని వెనక ఆర్జియా. తలుపంత వెడల్పు మనిషి, మోచేతులదాకా పిండి, ఒక చేతిలో చిల్లుల గరిటె, ఇంకో చేతిలో చేపల డబ్బా.

"ఎవడిదిది? నా వంటింట్లో వానపాముల డబ్బా! అందులో పరాయి తొర్తెల్లీని! ఇరవై ఆరేళ్ళు చేతులరిగేలా ఒత్తాను, ఇవాళ నా సొంత అన్న బయటినుంచి తెప్పిస్తున్నాడు!"

"వానపాములా?" అంది పక్కబల్ల పెద్దావిడ. "మనం తిన్నది వానపాములనా?"

ఇంకేముంది, హాలు హాలంతా లేచింది. ఒకాయన పళ్ళెంలో చెంచాతో తవ్వి చూస్తున్నాడు. ఒక పిల్ల, "నాకు వానపాములు కావాలి" అని ఏడుపు లంకించుకుంది. ప్రీమో బల్లల మధ్య తిరుగుతూ, "వానపాములు పోయినేటివండీ! ఇప్పుడు లేవండీ!" అని బతిమాలుతున్నాడు. దాంతో మిగిలినవాళ్ళు కూడా లేచారు.

నేరియో లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. "డబ్బా నాది" అన్నాడు. "తొర్తెల్లీని మా ఆవిడవి. ఇంట్లోంచి దొంగతనంగా తెచ్చాను. మీ అన్న తప్పేం లేదమ్మా. మా ఆవిడ చెయ్యి పాడైపోతోంది. కర్ర దించమంటే దించదు. బయట తిని బాగుందంటే దించుతానంది. ఈ లోకంలో ఆవిడకి నచ్చేలా ఒండేవాళ్ళు ఇంకెవరూ నాకు తెలియదు. అందుకని ఆవిడవే పెట్టిద్దామనుకున్నాను."

లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. వానపాముల పిల్ల కూడా ఊరుకుంది.

ఆర్జియా డబ్బాలో చెయ్యి పెట్టి, మిగిలిన తొర్తెల్లీనిలోంచి ఒకటి తీసి, వెలుగులో తిప్పి చూసింది. "ఎవరు చేశారు?" అంది. గొంతు మారింది.

"నేనే" అంది జెలిందా.

"చిటికెన వేలికి చుట్టారా?"

"మా అమ్మ అలాగే చుట్టేది."

"మా అమ్మ కూడా." ఆర్జియా గరిటె కింద పెట్టేసి, కుర్చీ లాక్కుని వాళ్ళ బల్ల దగ్గరే కూర్చుంది. ఇక లేవమన్నా లేచే రకం కాదు.

నేరియో మెల్లిగా వంగి అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది జెలిందా?"

"నువ్వు ఫ్రీజరు తలుపు వేసినప్పుడు. రెండు వందల నలభై పెట్టాను, నూట నలభై ఉన్నాయి. ఖాళీ డబ్బాకి చెమట పట్టినప్పుడు. చల్లటి ఇంజను కాలిపోయినప్పుడు. నువ్వు ముక్కు చీదుకున్న కాగితం మీద నీ పేరుంది, ఈ పాటికి నీ ముక్కు మీద అచ్చుపడి ఉంటుంది."

"మరి తెలిసి కూడా బాగాలేవన్నావా? నన్ను ఏడిపించడానికా?"

జెలిందా చేతిరుమాలు మడత పెట్టింది, విప్పింది.

"కాదు. మొదటి చెంచాకి ఏడిపిద్దామనే అనుకున్నాను. ఇంట్లో నేను పదకొండుసార్లు లేస్తాను నేరియో. చీజు, రొట్టె, వాడికి ఇంకొంచెం చారు, దీనికి నీళ్ళు. నేను కూర్చునేసరికి నా పళ్ళెం చల్లారిపోయి ఉంటుంది. ఏదో మింగేసి లేస్తాను. ఇవాళే, నా చేతివంట నేను వేడివేడిగా కూర్చుని తినడం. తింటే తెలిసింది. నువ్వూ, పిల్లలూ ఈ మందపు రేకులు తింటూ నోరు మెదపకుండా కూర్చుంటున్నారన్నమాట, ఏడాది నుంచీ."

"నాకేం తెలియలేదు" అన్నాడు నేరియో. నిజమే చెప్పాడు. అతనికి అన్ని ఆదివారాలూ ఒకే రుచి.

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆర్జియా కూడా తుడుచుకుంది, మొహమంతా పిండైంది. నేరియో ఇదే అదననుకుని, "అయితే కర్ర గోడకి తగిలించేస్తావా?" అన్నాడు.

"బయటివాళ్ళది తిని బాగుందంటేనే అన్నాను. నేనింకా అనలేదు."

"ఇప్పుడు నా పళ్ళెంలోవి తిను. ఆర్జియావి!"

 జెలిందా నేరియో పళ్ళెం ఇటు లాక్కుని ఒక చెంచా తింది. హాలంతా ఆమె నోటి వంకే చూస్తోంది.

"తినొచ్చు" అంది జెలిందా.

నేరియో కుర్చీలో కూలబడ్డాడు. ఆర్జియా మాత్రం పగలబడి నవ్వింది. "సరేనమ్మా, కర్ర గోడకి ఎందుకు? మంచి కర్ర, ఎండితే బీటలిస్తుంది. చెయ్యి మార్చండి, అంతే."

"ఎవరి చెయ్యి? కూతురికి ఆఫీసు. కోడళ్ళకి ఓపిక లేదు."

ఆర్జియా నేరియో చేతుల వంక చూసింది. జెలిందా కూడా చూసింది. నలభై ఏళ్ళు చక్రాలు సరిచేసిన చేతులు. నేరియో వాటిని మెల్లిగా బల్ల కిందికి దించుకున్నాడు.

"నేరియో" అంది జెలిందా, తీయగా. ఆ తీపి విన్న మగాడెవడైనా పారిపోవాలి, కానీ కారు చెడిపోయిందని తనే చెప్పాడాయె. "వేలు ఆనించి ఎక్కడ ఒంకరుందో చెబుతావుగా. పిండిరేకు కూడా గుండ్రంగానే ఉండాలి."

"నేను మగాణ్ణే!"

"అందుకేగా, బలముంటుంది" అంది ఆర్జియా. అప్పటికే అతని చొక్కా చేతులు పైకి మడుస్తోంది.

ఆ ఆదివారం పూటకూళ్ళ ఇంటికొచ్చిన వాళ్ళెవరూ తిండి అయ్యాక ఇంటికి పోలేదు. వంటింటి గుమ్మం దగ్గర గుమికూడారు. లోపల ఉపాయాల నేరియో పూల ఏప్రను కట్టుకుని కర్ర నెడుతుంటే, జెలిందా కుర్చీలో కూర్చుని, "మధ్యనుంచి అంచుకి. పంపు కొడుతున్నట్టు కాదు. బ్రేకు వెయ్యి, బ్రేకు వెయ్యి!" అని కేకలు. మొదటి రేకు నలిగిన బూటులా వచ్చింది. రెండోది చిల్లుపడితే, నేరియో అలవాటుకొద్దీ పంక్చరు అతికించబోయాడు. మూడోది ఒత్తుతుండగా కళ్ళు మూసుకుని, రేకు అంచు మీద వేలు ఆనించి చుట్టూ తిప్పి, "ఇక్కడ కొంచెం ఉబ్బు" అన్నాడు. జెలిందా, ఆర్జియా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజంగానే అక్కడ కొంచెం ఉబ్బుంది.

పన్నెండు రోజులూ అంతే. పొద్దున ఆమె చెయ్యి బురదలో, మధ్యాహ్నం అతని చేతులు ఆర్జియా పిండిలో. చేపల డబ్బా మూత కూడా తియ్యలేదు.

తిరిగొచ్చాక మొదటి ఆదివారం పధ్నాలుగు మందీ వచ్చారు. నేనూ ఏదో వంకన ఉప్పు అడగడానికి పోయాను, తలుపు దగ్గరే నిలబడిపోయాను. నేరియో వడ్డిస్తున్నాడు. జెలిందాని బల్ల కొసన కూర్చోబెట్టి మొదటి పళ్ళెం, పొగలు కక్కేది, ఆమె ముందే పెట్టాడు. ఆమె చీజు కోసం లేవబోయింది. పధ్నాలుగు మందీ ఒక్కసారిగా, "కూర్చో!" అన్నారు. చీజుకి నేరియో పరిగెత్తాడు, రొట్టెకి పరిగెత్తాడు, నీళ్ళకి పరిగెత్తాడు. పదకొండుసార్లూ లెక్కపెట్టాను.

చెంచాలో నాలుగే పట్టాయి. అంతంత లావున్నాయి. జెలిందా తింది. నేరియో చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయి, ఏప్రను కొస నలుపుతూ, ఆమె పెదవుల వంకే చూస్తున్నాడు.

ఆమె గొంతు సవరించుకుంది.

"తినొచ్చు" అంది.

తరవాత పళ్ళెం అతని వైపు చాపింది, కుడిచేత్తో. "ఇంకో గరిటె వెయ్యి."

అదర్రా కథ. బఠాణీలు కూడా అయిపోయాయి. దీన్ని మర్చిపోకండి. మీ ఇళ్ళలో చెప్పండి, మీ మగవాళ్ళు వినేటప్పుడు చెప్పండి. చెప్పేటప్పుడు ఆ డబ్బా వదిలేసినా ఫరవాలేదు, వానపాములు వదిలేసినా ఫరవాలేదు. ఆ పదకొండుసార్లు లేవడం మాత్రం వదలకండి. అది చెప్పేటప్పుడు, వండినవాళ్ళు కూర్చున్నారో లేదో ఒకసారి చూసుకుని చెప్పండి.